స్పిరిట్ దూది డబ్బాలు తీసేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఆసుపత్రుల మీద మీ పేపర్లో వచ్చే వార్తలు ఒక్కటీ వదలకుండా చదువుతాను. డాక్టర్లు లేరని రాస్తారు, మంచాలు చాలడం లేదని రాస్తారు, స్కానింగ్ మెషిన్ మూలన పడిందని రాస్తారు, అవన్నీ రాయాల్సినవే. కానీ సూది వేసే ముందు మన చేతికి రాసే దూది గురించి ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, వీలైతే మొత్తం వేయండి.

మీ ఊళ్ళో ఏ క్లినిక్‌కైనా వెళ్ళి చూడండి. టేబుల్ మీద ఒక స్టీలు డబ్బానో ప్లాస్టిక్ డబ్బానో ఉంటుంది. పొద్దున్నే దాని నిండా దూది ఉండలు వేసి, పైన స్పిరిట్ పోసి నానబెడతారు. ఇక రోజంతా అదే. సూది వేసినవాళ్ళూ, రక్తం తీసినవాళ్ళూ, కట్టు మార్చినవాళ్ళూ అందరూ అందులోనే వేళ్ళు పెట్టి ఉండ తీసుకుంటారు, ఎక్కువ పిండినది మళ్ళీ అందులోకే కారుతుంది, మూత ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది, దాంతో స్పిరిట్ ఆవిరవుతూ పోయి సాయంత్రానికి దూదిలో తడి తప్ప ఘాటు ఉండదు. ఆ తడి దూదితో చర్మం తుడిస్తే శుభ్రం చేసినట్టు కాదు, అప్పటిదాకా ఆ డబ్బాలో వేళ్ళు పెట్టిన వాళ్ళందరి చేతుల మీది క్రిముల్ని తెచ్చి రాసినట్టు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. దూదిని ముందే నానబెట్టి డబ్బాలో ఉంచవద్దని, చేతుల నుంచీ చుట్టుపక్కల నుంచీ బ్యాక్టీరియా అందులో చేరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇంజెక్షన్ల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లోనే రాసింది. ఇన్నేళ్ళైనా ఆ డబ్బా మాత్రం కదల్లేదు.

స్పిరిట్ అంటే అన్నిటినీ చంపేస్తుందని చాలామంది నమ్మకం. అలా ఏం లేదు. కొన్ని రకాల బ్యాక్టీరియా స్పోర్స్ రూపంలోకి మారి, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతున్నట్టు ఉంటాయి, వాటిని స్పిరిట్‌లో ఉండే ఆల్కహాల్ ఏమీ చేయలేదు. ధనుర్వాతం తెచ్చేది ఆ జాతిదే. అందుకే బ్లేడునో కత్తెరనో స్పిరిట్‌లో ముంచి తీస్తే స్టెరైల్ అయిపోదు, అంటే క్రిములన్నీ పోవు, దాన్ని ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో పెట్టాల్సిందే, 121 డిగ్రీల దగ్గర ప్రెషర్ మీద తగినంతసేపు ఉంచాల్సిందే. చెవులు కుట్టేవాళ్ళూ, జాతరల్లో పచ్చబొట్లు పొడిచేవాళ్ళూ సూదిని స్పిరిట్‌తో తుడిచి చూపిస్తే మనం సరేననుకుంటాం. అలా అనుకోకూడదు.

ఇంకో సంగతి, ఆల్కహాల్ ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనుకోవడం కూడా తప్పు. 60 నుంచి 80 శాతం మధ్య ఉన్నదే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే క్రిమిలోని ప్రొటీన్ పాడవ్వాలంటే కొంత నీరు కూడా కావాలి. దానికి సమయం కూడా ఇవ్వాలి. చర్మం మీద అర నిమిషం తుడిచి, ఇంకో అర నిమిషం ఆరనిచ్చి అప్పుడు గుచ్చాలి. మన దగ్గర జరిగేదేమిటి? దూదితో ఒక్కసారి అలా రాసి, ఆ తడి మీదే సూది గుచ్చేస్తారు. తొందరగా ఆరాలని నోటితో ఊదే వాళ్ళని కూడా చూశాను. ఇక సెలైన్ పెట్టేటప్పుడు మరీ అన్యాయం. స్పిరిట్ రాస్తారు, ఆరేలోపు నరం దొరికిందో లేదో అని అదే చోట వేలితో మళ్ళీ నొక్కి చూస్తారు, ఆ తర్వాత కాన్యులా, అంటే నరంలో ఉంచేసే సన్నని గొట్టం, గుచ్చుతారు. నరం వెతకడం స్పిరిట్ రాయకముందే అయిపోవాలి. రాశాక ఆ చోటు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మళ్ళీ మొదటి నుంచీ తుడవాలి.

మా వీధిలో ఒక కుర్రాడికి జ్వరానికని వేసిన ఇంజెక్షన్ దగ్గర గడ్డ లేచింది. మూడు రోజులు కాపడం పెట్టారు, నాలుగో రోజుకి చీము పట్టి కోయించాల్సొచ్చింది. వాళ్ళ అమ్మ మా ఇంటికొచ్చి 'అత్తా, వాడి ఒంటి తత్వం వల్లే సూది పడలేదంట' అంది. ఆ మాట ఆ క్లినిక్‌లో చెప్పారట. పిల్లాడి ఒంటి తత్వం ఏమిటి? అసలు ఆ జ్వరానికి ఇంజెక్షన్ అవసరమే లేదు, మాత్రతో తగ్గేది. మన జనానికి సూది పడితే గానీ వైద్యం చేసినట్టు ఉండదు, వేసేవాళ్ళకి వేస్తే గానీ డబ్బులు రావు, ఈ రెండిటి మధ్యలో పిల్లాడి పిర్ర కోయాల్సి వచ్చింది.

ఇక బెటాడిన్ సంగతి. ఎర్రగా కనిపిస్తుంది కాబట్టి రాసిన వాళ్ళకీ రాయించుకున్న వాళ్ళకీ ధైర్యం. అందులో ఉండే పోవిడోన్ అయొడిన్ మంచి మందే, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ అది పని చేయాలంటే కనీసం రెండు నిమిషాలైనా ఒంటి మీద ఉండి ఆరాలి. రాసిన వెంటనే గాజుగుడ్డతో తుడిచేసి కోత పెడితే ఇంక రాయడమెందుకు? అలాగే రక్తం, చీము ఉన్న చోట అయొడిన్ బలం తగ్గిపోతుంది, అందుకే ముందు గాయాన్ని సెలైన్‌తోనో శుభ్రమైన నీళ్ళతోనో బాగా కడగాలి. కడగకుండా మట్టీ రక్తం మీదే బెటాడిన్ పోసి కట్టు కట్టేసిన కేసులు మా డ్రెస్సింగ్ రూముకి వస్తూనే ఉండేవి. ఆపరేషన్‌కి ముందు చర్మానికి రాయడానికైతే ఆల్కహాల్‌లో కలిపిన క్లోర్‌హెక్సిడిన్ అనే ఇంకో మందు ఇంకా మెరుగని 2010లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. పోవిడోన్ అయొడిన్ రాసినవాళ్ళలో 16.1 శాతం మందికి ఆపరేషన్ చోట ఇన్ఫెక్షన్ వస్తే, క్లోర్‌హెక్సిడిన్ ఆల్కహాల్ రాసినవాళ్ళలో 9.5 శాతం మందికే వచ్చింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే వాడమంది. అలాగని దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడకూడదు. కంట్లో, చెవి లోపల పడకూడదు. ఆల్కహాల్ ఉంది కాబట్టి పూర్తిగా ఆరకముందే కాటరీ, అంటే కరెంటు వేడితో కోసే పరికరం, ఆన్ చేస్తే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఆంటీసెప్టిక్ సీసాలోనే క్రిములు పెరుగుతాయంటే చాలామంది నమ్మరు. పెరుగుతాయి. సూడోమోనాస్, బర్ఖోల్డేరియా లాంటివి పల్చన చేసిన ఆంటీసెప్టిక్‌లో హాయిగా బతుకుతాయి. మన వార్డుల్లో సావ్లాన్‌ని కుళాయి నీళ్ళు పోసి పల్చన చేస్తారు, సీసా అడుక్కి వచ్చేసరికి కడగకుండా దానిలోనే కొత్తది పోస్తారు, ఇలా నెలల తరబడి అదే సీసా నడుస్తుంది. ఎప్పుడు విప్పారో దాని మీద తేదీ ఉండదు. ఇక చీటిల్ ఫోర్సెప్స్ జార్ అని ఒకటుంటుంది, నర్సులందరికీ తెలుసు. పొడుగాటి జార్‌లో మందు నీళ్ళు పోసి అందులో ఫోర్సెప్స్, అంటే పొడుగు పట్టకారు, నిలబెట్టి, దాంతోనే స్టెరైల్ డ్రమ్ములోంచి గాజుగుడ్డ తీస్తారు. అంటే ఆటోక్లేవ్ చేసిన గుడ్డని, ఎన్ని రోజుల నాటిదో తెలియని నీళ్ళలో నానిన ఇనుముతో ముట్టుకుంటున్నారు. ఆ జార్‌ని కూడా స్పిరిట్ డబ్బాతో పాటే తీసేయాలి. ఫోర్సెప్స్‌ని ఆటోక్లేవ్ చేసి, మందు నీళ్ళు లేకుండా పొడిగానే వాడుకోవచ్చు.

మన రెండు రాష్ట్రాలకి ఇది ఎందుకు మరీ ముఖ్యమో చెప్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద చూస్తే 21.5. ఇన్ని సిజేరియన్లు అవసరమా అన్నది వేరే గొడవ, దాని మీద ఇంకో ఉత్తరం రాస్తాను. కానీ ఇంతమంది ఆడవాళ్ళ పొట్ట కోస్తున్నప్పుడు ఆ కోత ఎలా మానుతుందన్నది ఇంటింటి సమస్య. ముందురోజు రాత్రి వార్డులో బ్లేడుతో వెంట్రుకలు గీకేస్తారు, చర్మం మీద కంటికి కనపడనంత సన్నగా తెగుతుంది, తెల్లారేసరికి ఆ గీతల్లో క్రిములు చేరతాయి. గీయొద్దని, మరీ తప్పదనుకుంటే క్లిప్పర్‌తో మాత్రమే కత్తిరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో ఉంది. యాంటీబయాటిక్ కోత పెట్టకముందు రెండు గంటల లోపు ఇవ్వాలని, అన్నీ సవ్యంగా జరిగిన ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి కొనసాగించవద్దని కూడా ఉంది. మన దగ్గర ముందు ఇవ్వాల్సినది ఆలస్యం చేసి, తర్వాత వారం రోజులు బాటిళ్ళు బాటిళ్ళు ఎక్కిస్తారు. చేతులు సరిగ్గా కడగని లోటు ఖరీదైన యాంటీబయాటిక్‌తో తీరుతుందని నమ్మి మనం ఆ మందుల్ని పాడు చేసుకుంటున్నాం, రేపు నిజంగా అవసరమైనప్పుడు అవి పని చేయవు.

పెద్ద ఘోరాలు జరిగినప్పుడు మాత్రం అందరం మాట్లాడతాం. 2022 ఆగస్టు 25న హైదరాబాద్ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్ళకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు, నలుగురూ చిన్న పిల్లల తల్లులే. ఇన్ఫెక్షన్ వల్లేనని తేలింది, సిబ్బంది మీద చర్యలూ తీసుకున్నారు. ఈ ఆపరేషన్లలో పొట్ట లోపలికి పంపి చూసే లాపరోస్కోప్ గొట్టాన్ని ఒకరి తర్వాత ఒకరికి వాడేటప్పుడు మధ్యలో శుభ్రంగా కడిగి, రెండు శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రవంలో కనీసం 20 నిమిషాలు నానబెట్టి, స్టెరైల్ నీళ్ళతో మళ్ళీ కడగాలి. బయట ఇంకా ఇరవై మంది క్యూలో పడుకుని ఉంటే, జిల్లా టార్గెట్ నెత్తి మీద ఉంటే, ఆ ఇరవై నిమిషాలు ఎవరిస్తారు? ఒక టీమ్ రోజుకి 30కి మించి చేయకూడదని, దానికి మూడు లాపరోస్కోప్‌లు ఉండాలని కేంద్రం రాసిపెట్టింది ఇందుకే. అంతకుముందు 2016లో హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కంట్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. అప్పుడు ఆపరేషన్‌లో వాడిన ద్రవంలోనే బ్యాక్టీరియా ఉందని బయటపడింది. డాక్టర్ ఎంత కడుక్కున్నా బాటిల్‌లో ఉన్నదాన్ని ఏం చేయగలడు? అందుకే సరఫరా అయ్యే మందుల్ని, ద్రవాల్ని ముందే పరీక్ష చేయించడం కూడా ఇన్ఫెక్షన్ కంట్రోల్‌లో భాగమే అంటాను, అది నర్సుల నెత్తిన రుద్దే పని కాదు.

సిరంజిల విషయం త్వరగా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే దీని మీద జనానికి కొంత అవగాహన వచ్చింది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలే మళ్ళీ వాడడం వల్ల హెపటైటిస్ బి పాకి ఎంతోమంది చనిపోయారు. 2018లో యూపీలోని ఉన్నావ్ జిల్లాలో ఒకే సూదితో ఎందరికో ఇంజెక్షన్లు చేసిన అర్హత లేని వైద్యుడి వల్ల పదుల మందికి హెచ్ఐవీ వచ్చింది. ఇప్పుడు కొత్త సిరంజి అడిగి విప్పించుకునేవాళ్ళు పెరిగారు, సంతోషం. కానీ మందు సీసా సంగతి చూడరు. ఎక్కువమందికి వాడే వయల్ రబ్బరు మూతకి ఒక సూది గుచ్చి అలాగే వదిలేస్తారు, ఎవరికి కావాలంటే వాళ్ళు దానికి సిరంజి తగిలించి లాక్కుంటారు. ఆ సూది కన్నం పొద్దుట్నుంచి రాత్రి దాకా సీసా లోపలికి తెరిచిన తలుపే. ప్రతిసారీ మూత తుడిచి, కొత్త సూదితో తీసి, సూది బయటికి లాగేయాలి.

ఇప్పుడు అసలు కష్టం గురించి. ఇవన్నీ నర్సులకి తెలియవా అని అడుగుతారు. తెలుసు. పరీక్షల్లో రాసి పాసైన వాళ్ళమే. టీచింగ్ ఆసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పింది. నేను నైట్ డ్యూటీల్లో నలభై మందిని ఒక్కదాన్నే చూసిన వార్డులున్నాయి, ఇప్పటికీ చాలాచోట్ల అలాగే ఉందని నా దగ్గర ట్రైనింగ్ అయిన పిల్లలు ఫోన్ చేసి చెప్తుంటారు. సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు కావాలి. అదీ సింక్ దగ్గర్లో ఉండి, నీళ్ళు వస్తుంటే. హ్యాండ్ రబ్, అంటే చేతులకి రుద్దుకునే ఆల్కహాల్ మందు అయితే 20 నుంచి 30 సెకన్లలో అయిపోతుంది, చేతికి రక్తమో మురికో కంటికి కనపడేలా అంటుకోనంత వరకు అదే చాలు. అందుకే ప్రతి మంచం దగ్గరా హ్యాండ్ రబ్ సీసా ఉండాలంటున్నాను. కోవిడ్ రోజుల్లో గుమ్మం గుమ్మానికీ శానిటైజర్ స్టాండ్లు పెట్టారు, ఇప్పుడు స్టాండ్లున్నాయి, సీసాలు ఖాళీ. కొనలేకపోతే తయారు చేసుకోవచ్చు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఎప్పుడో ఇచ్చేసింది, పది లీటర్లకి 96 శాతం ఇథనాల్ 8333 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, గ్లిజరిన్ 145, మిగతాది కాచి చల్లార్చిన నీళ్ళు. చక్కెర మిల్లులూ డిస్టిలరీలూ ఉన్న రాష్ట్రం మనది, మెడికల్ కాలేజీల్లో ఫార్మసిస్టులున్నారు. పెద్ద పని కాదు.

చాలామంది గ్లవ్స్ వేసుకున్నాం కదా ఇక కడగడమెందుకు అనుకుంటారు. అవే గ్లవ్స్‌తో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్ళి, మధ్యలో కేస్ షీట్ రాసి, ఫోన్ ఎత్తి మాట్లాడేవాళ్ళుంటారు. గ్లవ్స్ అప్పుడు వేసుకున్నవాళ్ళకే రక్షణ, రోగికి కాదు.

ఇంకొక్క మాట, ఇది డాక్టర్లకి కోపం తెప్పించినా చెప్పక తప్పదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఐసీయూల్లో మెడ దగ్గర పెద్ద నరంలో పెట్టే సెంట్రల్ లైన్ల వల్ల వచ్చే రక్తం ఇన్ఫెక్షన్లని దాదాపు మూడింట రెండు వంతులు తగ్గించారు, 2006లో అది అచ్చయింది. కొత్త మందేమీ కనిపెట్టలేదు. చేతులు కడగడం, ఒళ్ళంతా కప్పే స్టెరైల్ గుడ్డ, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్, వీలైతే తొడ దగ్గర నరం వాడకపోవడం, అవసరం తీరగానే లైన్ తీసేయడం, అంతే. కానీ దాంతో పాటు ఒక నిర్ణయం తీసుకున్నారు, డాక్టర్ వీటిలో ఏదైనా వదిలేస్తే నర్సు అక్కడికక్కడే ఆపమని చెప్పవచ్చని. మన దగ్గర ఏ సిస్టరైనా ప్రొఫెసర్ గారితో 'సార్, మీరు చేతులు కడుక్కోలేదు' అనగలదా? అంటే మర్నాడు ఆమె డ్యూటీ ఎక్కడ పడుతుందో అందరికీ తెలుసు. ఆ హక్కు సూపరింటెండెంట్ సంతకంతో రాతపూర్వకంగా ఇవ్వాలి, అలా ఆపినందుకు ఎవరినీ వేధించకూడదు. ప్రతి ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు అని ఒకరుండాలని 2020లో కేంద్రం ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలున్నాయి. చాలాచోట్ల ఆ పేరుతో ఒకామె ఉంటుంది, కానీ ఆమెకి వార్డు డ్యూటీ కూడా ఉంటుంది, ఆసుపత్రుల శుభ్రతకి మార్కులు వేసే కాయకల్ప తనిఖీ వచ్చే వారం ముందు మాత్రం ఆమె గుర్తొస్తుంది. ఆమెకి ఆ పని ఒక్కటే ఇవ్వండి.

ఆరోగ్య శాఖ మంత్రులకీ, కమిషనర్లకీ మీ పేపర్ ద్వారా నేను అడిగేది ఇది. నానబెట్టిన స్పిరిట్ దూది డబ్బాలూ, చీటిల్ జార్‌లూ ఫలానా తేదీ నుంచి ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, పీహెచ్‌సీలోనూ ఉండకూడదని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. వాటి బదులు విడివిడిగా సీలు చేసిన ఆల్కహాల్ స్వాబ్‌లు సరఫరా చేయండి, ఒక్కోటి రూపాయి అటూ ఇటూ పడుతుంది, ఒక్క గడ్డ కోసి కట్టు కట్టే ఖర్చుతో ఎన్ని వస్తాయో లెక్క వేయండి. అదీ కుదరదంటే కనీసం పొడి దూది ఒక డబ్బాలో, స్పిరిట్ మూత ఉన్న చిన్న సీసాలో విడిగా పెట్టి, ఎప్పటికప్పుడు దూది మీద పోసుకుని వాడమనండి. దానికి పైసా ఖర్చు లేదు. ప్రైవేటు ఆసుపత్రులకీ, నర్సింగ్ హోములకీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసేటప్పుడు ఇది కూడా చూడాలి. సిజేరియన్ తర్వాత ఎంతమందికి కుట్లు చీము పట్టాయో ప్రతి ఆసుపత్రీ లెక్క రాసి బయట బోర్డు మీద పెట్టాలి. ఇంటికెళ్ళాక చీము పట్టిన వాళ్ళు ఇంకో ఆసుపత్రికి పోతారు కాబట్టి, ఆశా కార్యకర్తలు బాలింతల్ని చూడడానికి వెళ్ళినప్పుడు కుట్లు కూడా చూసి రాస్తేనే అసలు లెక్క తేలుతుంది.

చదివే వాళ్ళు కూడా నోరు తెరవాలి. డబ్బాలో నానిన దూది తీస్తే 'వేరేది ఉందా సిస్టర్' అని అడగండి, స్పిరిట్ ఆరాక గుచ్చమనండి, కాన్యులా పెట్టిన చోట నొప్పో ఎరుపో వస్తే వెంటనే చూపించి తీయించేయండి, మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. టీకాలకి మాత్రం స్పిరిట్ రాయలేదని ఏఎన్‌ఎం మీద పోట్లాడకండి, అక్కడ చర్మం శుభ్రంగా ఉంటే చాలు, స్పిరిట్ అవసరం లేదు. కుక్క కరిస్తే కారం, సున్నం, కాఫీ పొడి పెట్టకండి. సబ్బూ నీళ్ళతో పావుగంట కడిగి, తర్వాత బెటాడిన్ రాసి, ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్ళండి.

ఎడిటర్ గారూ, మీ విలేకరులు ప్రతి మండలంలో ఉన్నారు. ఒక్కొక్కరినీ వాళ్ళ పీహెచ్‌సీకీ, ఒక ప్రైవేటు క్లినిక్‌కీ పంపి, ఇంజెక్షన్ టేబుల్ మీద ఆ డబ్బా ఉందో లేదో, సింక్ దగ్గర సబ్బు ఉందో లేదో చూసి రాయమనండి. క్లినిక్‌ల పేర్లు వేయకపోయినా ఫర్వాలేదు, జిల్లా పేజీలో ఎన్నిచోట్ల ఉంది ఎన్నిచోట్ల లేదు అన్న లెక్క వేసి, మూడు నెలల తర్వాత మళ్ళీ పంపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
పశ్చిమ గోదావరి జిల్లా